ఒకటిన్నర బార్ బడాయి

మూడో పిస్టన్‌ను గుడ్డతో తుడిచి బాబాయ్ నా చేతిలో పెట్టాడు. పైనుంచి చూస్తే బాగానే ఉంది. పక్కకు తిప్పితే, మొదటి రింగుకూ రెండో రింగుకూ మధ్య ఉండే సన్నటి గట్టు ఓ అంగుళం మేర ఊడిపోయి ఉంది. ఊడిన చోట వేలు పెడితే బిస్కెట్టు కొరికినట్టు గరుకుగా తగిలింది.

"ఇది అరుగుడు కాదు, లోపల కొట్టుకుని విరిగింది. ఎంత గాలి పెట్టావేంటి బాబూ దీనికి?"

"1.2 బార్ బాబాయ్."

ఇంజిన్ బల్ల మీద ముక్కలుగా పడి ఉన్నా, ఆ అంకె చెప్పేటప్పుడు నా గొంతులో కాస్త గొప్ప మిగిలే ఉంది. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అది 2022 మే నెల, విజయవాడ ఆటోనగర్‌లో ఓ షెడ్డు. బాబాయ్ నాకు చుట్టం కాదు. లారీల టర్బోలు, అంటే ఇంజిన్‌లోకి గాలిని నొక్కి తోసే పరికరాలు, విప్పి బేరింగులు మార్చి బిగించడం ఆయన పని. నా ఈడువాళ్లంతా ఆయన్ని అలాగే పిలుస్తారు. నా బండి 1.4 లీటర్ల టర్బో పెట్రోలు సెడాన్, సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను. కంపెనీ ఇచ్చిన బూస్ట్, అంటే బయటి గాలి ఒత్తిడి మీద టర్బో అదనంగా తోసే ఒత్తిడి, 0.8 బార్ లోపే. (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడంత.) దాన్ని 1.2 చేసింది ఏ గ్యారేజీ వాడో కాదు, నేనే. అందుకే ఈ వ్యాసంలో తిట్లు తినాల్సినవాణ్ని కూడా నేనే.

చెప్పదలుచుకున్నది ముందే చెప్పేస్తాను. బళ్ల పిచ్చి ఉన్నవాళ్లు నలుగురు కలిస్తే మొదటి ప్రశ్న "నీది ఎంత బూస్ట్?" అనే. ఒకడు 1.2 అంటే పక్కవాడు ఒకటిన్నర అంటాడు, మీసం మీద చెయ్యి వేసుకుని మరీ. బూస్ట్ పెంచడం అంత గొప్ప విద్య కాదు. ఒక ఇత్తడి వాల్వు, రెండు క్లాంపులు, పది నిమిషాల టైమ్ ఉంటే ఎవడైనా పెంచగలడు. చెప్పిన చోట ఆపగలగడం, ఆపాల్సిన రోజు తగ్గించగలగడం, పనంతా అక్కడే ఉంది. అది నేర్చుకున్నవాడికి ఎక్కువ పెట్టాలన్న కోరిక చాలావరకు దానంతటదే చల్లారుతుంది. నాకు ఆ బుద్ధి రావడానికి లక్షా నలభై వేలయింది.

ముందు గేజ్ సంగతి చూద్దాం. అద్దం పక్కన పిల్లర్‌కు బిగించుకునే ఆ గుండ్రటి గేజ్ ఏం కొలుస్తుంది? టర్బో తోసిన గాలి ఇంజిన్ గుమ్మం ముందు ఎంత ఒత్తుకుని ఉందో కొలుస్తుంది. ఇంజిన్ ఎంత గాలి లోపలికి తీసుకుందో దానికి తెలియదు. పెళ్లిలో భోజనాల హాలు గుమ్మం దగ్గర తోపులాట చూసి, లోపల ఎంతమంది తిన్నారో చెప్పగలమా? గుమ్మం వెడల్పు చేస్తే తోపులాట తగ్గుతుంది, తినేవాళ్లు పెరుగుతారు. హెడ్‌లో గాలి దారులు (పోర్టులు) పెద్దవి చేసి, వాల్వులను తెరిచే క్యామ్ మంచిది వేసి, అదే టర్బోను నడిపిస్తే అచ్చం ఇదే జరుగుతుంది. గేజ్ మీద ముల్లు దిగుతుంది, పవర్ పెరుగుతుంది. గేజ్ మాత్రమే చూసేవాడు ఆ రోజు బండి పాడైందనుకుంటాడు.

ర్యాలీ వాళ్లకు ఇది ఎప్పుడో తెలుసు. ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్‌లో 1995 నుంచి టర్బో నోటికి 34 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రెస్ట్రిక్టర్ పెట్టారు. గాలంతా ఆ రంధ్రం గుండానే రావాలి. అక్కడ గాలి వేగం ధ్వని వేగాన్ని అందుకున్నాక, టర్బో ఎంత లాగినా అంతకు మించి ఒక్క గ్రాము రాదు. బూస్ట్ ఎంతైనా పెట్టుకోండి, గాలి మాత్రం ఇంతే అన్నమాట. ఇంజనీర్లు ఏం చేశారంటే, తక్కువ ఆర్‌పీఎంలో (ఆర్‌పీఎం అంటే ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) బూస్ట్ బాగా ఎక్కించి టార్క్, అంటే లాగే బలం, పిండుకున్నారు, ఆర్‌పీఎం పెరిగేకొద్దీ బూస్ట్‌ను పడిపోనిచ్చారు. ఆ రంధ్రం ఎంత విలువైనదంటే, అదే ఏడాది స్పెయిన్‌లోని కాటలోనియా ర్యాలీలో టయోటా జట్టు రెస్ట్రిక్టర్ పక్కనుంచి దొంగతనంగా గాలి వచ్చే ఏర్పాటు చేసి దొరికిపోయింది. విప్పి చూస్తే మామూలుగా కనిపించేది, బిగిస్తే సందు తెరుచుకునేది. ఏడాది పాటు నిషేధం పడింది. వాళ్లు దొంగిలించింది గాలిని. బూస్ట్ కోసమైతే అంత తెలివి ఖర్చు పెట్టనక్కర్లేదు.

ఫార్ములా వన్‌లో ఇంకో రకం చేశారు. 1987లో ప్రతి టర్బో ఇంజిన్‌కూ 4 బార్ల దగ్గర తెరుచుకునే పాప్-ఆఫ్ వాల్వు పెట్టారు, 1988లో దాన్ని 2.5కి దించారు, 1989లో టర్బోలనే తీసేశారు. ఇక్కడ మనవాళ్లు పప్పులో కాలేస్తారు. ఆ 2.5 అంటే వాతావరణ పీడనంతో కలిపి. మన గేజ్ భాషలో అది ఒకటిన్నరే. "ఫార్ములా వన్‌లోనే రెండున్నర పెట్టారు, మనం ఒకటిన్నర పెడితే ఏమవుతుంది" అనే వాదన నేను సొంత చెవులతో విన్నాను. ఒకటిన్నర అంటే సరిగ్గా వాళ్లు పెట్టిందే బాబూ. ఆ హద్దులోనే, రేసుకు 150 లీటర్ల పెట్రోలుతోనే, మెక్లారెన్-హోండా 1988లో 16 రేసుల్లో 15 గెలిచింది. ఆ ఇంజిన్ మాత్రం ఒక రేసుకు సరిపోతే చాలు, ఆ తర్వాత విప్పేస్తారు. మనదేమో అమ్మను గుడికి కూడా తీసుకెళ్లాలి.

ఇప్పుడు అదుపు సంగతి. టర్బోలో రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద ఉంటాయి. ఒకదాన్ని (టర్బైన్) ఎగ్జాస్ట్ గ్యాసు తిప్పుతుంది, రెండోది (కంప్రెసర్) గాలిని తోస్తుంది. బూస్ట్ ఎక్కువైతే కుక్కర్ విజిల్ లాగా వేస్ట్‌గేట్ గాలిని బయటికి వదిలేస్తుందని చాలామంది అనుకుంటారు. కాదు. కాలువ నీళ్లతో ఒక చక్రం తిరుగుతోందనుకోండి. జోరు తగ్గాలంటే చక్రాన్ని పట్టుకోనక్కర్లేదు, పక్కన తూము తలుపు ఎత్తితే కొన్ని నీళ్లు అటు పోతాయి. వేస్ట్‌గేట్ ఆ తూము తలుపు. ఎగ్జాస్ట్ గ్యాసులో కొంత టర్బైన్ మీదికి పోకుండా పక్కదారి పట్టిస్తుంది. (గేరు మార్చినప్పుడు "ష్‌ష్" అని వినిపించేది వేరే వాల్వు. దాని పని వేరు, దాని మీద మోజు వేరు.)

ఆ తలుపును తెరిచేది యాక్చుయేటర్. చిన్న డబ్బా, లోపల ఒక రబ్బరు పొర, దాని వెనక స్ప్రింగు, బయటికి ఒక కడ్డీ. టర్బో గాలి సన్న హోస్ గుండా డబ్బాలోకి వస్తుంది. స్ప్రింగును గెలిచినప్పుడు కడ్డీ కదిలి తలుపు తెరుచుకుంటుంది. స్ప్రింగు అర బార్‌దైతే బూస్ట్ కూడా అర బార్ దగ్గర ఆగుతుంది. అంతకన్నా ఎక్కువ కావాలంటే ఒకటే దారి, డబ్బాకు అబద్ధం చెప్పాలి. వచ్చే గాలిలో కొంత దారిలోనే వదిలేయాలి, లేదా కాసేపు ఆపేయాలి. కంపెనీ వాళ్లు ఆ పని సోలెనాయిడ్ అనే ఒక కరెంటు వాల్వుతో చేస్తారు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్, ఈసీయూ, దాన్ని సెకనుకు పదుల సార్లు తెరిచి మూస్తూ, ఎంత గాలి డబ్బాకు చేరాలో తూచి పంపిస్తుంది. నేను బిగించిన ఇత్తడి వాల్వు కూడా అదే అబద్ధం చెబుతుంది. తేడా ఏంటంటే, దానికి ఒక్క అబద్ధమే వచ్చు. ఎండైనా, చలైనా, ఏ పెట్రోలైనా అదే చెబుతుంది.

దాని నిర్మాణం మహా సింపుల్. లోపల ఒక స్టీలు గోళీ, వెనక చిన్న స్ప్రింగు, బయట తిప్పడానికి ఒక మర. గాలి ఒత్తిడి గోళీని నెట్టేదాకా యాక్చుయేటర్‌కు ఏమీ చేరదు. కాబట్టి వేస్ట్‌గేట్ చివరిదాకా గట్టిగా మూసుకుని ఉంటుంది, టర్బో చకచకా లేస్తుంది. ఈ మజా నిజమే, నేను కాదనను. మొదటిసారి మర అర చుట్టు తిప్పి రోడ్డెక్కినప్పుడు వీపు సీటుకు అతుక్కుంది. ఇంకో అర చుట్టు. ఇంకో పావు. మొదటి రుచి అలాంటిది.

1.1 దగ్గర బండి ఒక్కసారిగా ఎవరో వెనక్కి లాగినట్టు ఆగింది. ఈసీయూ పెట్రోలు కట్ చేసింది, "ఇక చాలు" అని. దానికి మందుగా అగ్గిపెట్టెంత డబ్బా ఒకటి దొరుకుతుంది. ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో ప్రెషర్ కొలిచే సెన్సర్‌కూ ఈసీయూకూ మధ్య వైరుకు తగిలిస్తారు. హద్దు దాటాక సెన్సర్ ఎంత చూపించినా, ఆ డబ్బా మాత్రం "ఒకటి దాటలేదండి" అనే చెబుతూ ఉంటుంది. కట్ పోయింది. నేను పండగ చేసుకున్నాను.

ఆ డబ్బా చేసిన ద్రోహం అర్థం కావాలంటే ఒక సంగతి తెలియాలి. నా బండి లాంటి వాటిలో గాలిని నేరుగా తూచే సెన్సర్ ఉండదు. ప్రెషర్, వేడి, ఆర్‌పీఎం చూసి ఈసీయూ గాలి లెక్క కడుతుంది, ఆ లెక్క ప్రకారం పెట్రోలు పోస్తుంది, స్పార్క్ ఎప్పుడు కొట్టాలో నిర్ణయిస్తుంది. ప్రెషర్ తప్పు చెబితే పెట్రోలు తక్కువ పడుతుంది, స్పార్క్ తొందరగా పడుతుంది. రెండూ నాకింగ్‌కు, అంటే సిలిండర్‌లో మిశ్రమం దానంతటదే పేలడానికి, పిలిచి పీట వేసేవే. కాపలావాడి కళ్లకు గంతలు కట్టి, దొంగ రాలేదని సంబరపడ్డానన్నమాట.

జనవరిలో హైదరాబాద్‌లో ఇదంతా చేశాను. తెల్లవారుజామున 20 డిగ్రీల చలిలో, ట్యాంకులో 100 ఆక్టేన్ పెట్రోలుతో (ఆక్టేన్ ఎంత ఎక్కువైతే నాకింగ్‌ను అంత తట్టుకుంటుంది), బండి బ్రహ్మాండంగా నడిచింది. మే నెలలో అదే బండిలో విజయవాడ బయల్దేరాను. దారిలో మామూలు పెట్రోలు కొట్టించాను, అప్పటికి అది 91 ఆక్టేన్. నందిగామ దాటాక మధ్యాహ్నం రెండున్నర, బయట 45 డిగ్రీలు. ఒక కంటైనర్‌ను దాటడానికి మూడో గేరులో పూర్తిగా తొక్కాను. కిటికీలు మూసి, ఏసీ పెట్టి, పాటలు వింటున్నాను కాబట్టి నాకింగ్ టకటక వినబడలేదు. వినబడింది ఆ తర్వాతే, ఐడిల్‌లో. ఆయిల్ మూత తీస్తే లోపలినుంచి పొగ బుసకొట్టింది.

గేజ్ మీద అంకె రెండు ఊళ్లలోనూ 1.2 అనే ఉంది. లోపల జరిగింది వేరు. హైదరాబాద్ సముద్రమట్టానికి 540 మీటర్ల ఎత్తున ఉంటుంది, అక్కడ వాతావరణ పీడనం దాదాపు 95 కిలోపాస్కల్స్. విజయవాడలో 101. స్ప్రింగూ గోళీ బయటి గాలితో పోల్చుకుని పనిచేస్తాయి కాబట్టి, కొండ దిగుతున్నకొద్దీ ఇంజిన్‌కు చేరే అసలు పీడనం పెరిగింది, 215 నుంచి 221కి. అది చిన్న సంగతే. వేడి సంగతి చిన్నది కాదు. గాలిని నొక్కితే కాగుతుంది. సైకిల్ పంపు అడుగు పట్టుకుని చూసిన ప్రతి పిల్లాడికీ తెలుసు. కంప్రెసర్ సామర్థ్యం 65 శాతం అనుకుని లెక్క వేస్తే, జనవరి చలిలో టర్బో నుంచి బయటికొచ్చే గాలి దాదాపు 138 డిగ్రీలు. మే ఎండలో 168. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఆ పెరుగుదలలో 70 శాతం తీసేసినా, ఇంజిన్‌లోకి వెళ్లేది జనవరిలో 55 డిగ్రీల గాలి, మేలో 82 డిగ్రీల గాలి. ఆ 27 డిగ్రీల తేడా మీద తక్కువ ఆక్టేన్, దాని మీద తక్కువ పెట్రోలు, దాని మీద తొందర స్పార్క్. స్పార్క్ నుంచి మొదలైన మంట సిలిండర్ మూలకు చేరేలోపే అక్కడి మిశ్రమం దానంతటదే భగ్గుమంటుంది. పిస్టన్ మీద సుత్తి దెబ్బ అదే. ఈసీయూకు నాక్ సెన్సర్ ఉంది, పాపం స్పార్క్ వెనక్కి జరుపుతూనే ఉంది. దానికిచ్చిన లెక్కే తప్పైనప్పుడు ఎంతని జరుపుతుంది?

మనిషి మీద ఇలాంటి భారం పెట్టకూడదని కార్ల కంపెనీలకు 60 ఏళ్ల కిందటే ఒక పాఠం దొరికింది. 1962లో అమెరికాలో ఓల్డ్స్‌మొబైల్ వాళ్లు జెట్‌ఫైర్ అని ఒక టర్బో కారు తెచ్చారు. కంప్రెషన్ రేషియో, అంటే సిలిండర్‌లో మిశ్రమాన్ని ఎన్ని రెట్లు నొక్కుతారన్నది, 10.25. ఆ కాలపు టర్బో ఇంజిన్‌కు అది చాలా ఎక్కువ. నాకింగ్ ఆపడానికి నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవాన్ని ఇన్‌టేక్‌లో చిమ్మేవాళ్లు. దానికి "టర్బో రాకెట్ ఫ్లూయిడ్" అని పేరు. ఆ సీసా ఖాళీ అయితే ఒక పలక మూసుకుని బూస్ట్ పడిపోయే ఏర్పాటు కూడా ఉంది. మంచి ఆలోచనే. కానీ జనం ద్రవం పోయడం మరిచిపోయారు, పోయనివాళ్లు బండి లాగట్లేదని విసుక్కున్నారు. చివరికి 1965లో కంపెనీ ఆ కార్లను వెనక్కి పిలిచి, టర్బో తీసేసి మామూలు కార్బ్యురేటర్ పెట్టిస్తామంది.

స్వీడన్‌లో సాబ్ వాళ్లు ఇంకోలా ఆలోచించారు. పెర్ జిల్‌బ్రాండ్ అనే ఇంజనీరు బృందం 1980ల మొదట్లో ఏపీసీ అని ఒక పద్ధతి తెచ్చింది. ఇంజిన్ బ్లాకు మీద ఒక మైకు లాంటి సెన్సర్ పెట్టి నాకింగ్ శబ్దాన్ని వింటారు. వినబడితే సోలెనాయిడ్ వేస్ట్‌గేట్‌ను తెరిచి, శబ్దం పోయేదాకా బూస్ట్ తగ్గిస్తుంది. మంచి పెట్రోలు పోస్తే ఎక్కువ బూస్ట్, నాసిరకం పోస్తే తక్కువ. డ్రైవర్ ఏమీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఈ రోజు మన రోడ్ల మీద తిరిగే ఏ చిన్న టర్బో పెట్రోలు కారులోనైనా ఉన్నది దీని మనవడే. 40 ఏళ్ల కిందట అంత తెలివిగా నేర్పిన చెవిని, నేను 1,500 రూపాయల గోళీతో పనికిరాకుండా చేశాను.

దీనికి ఎదురు వాదన ఉంది, దాన్ని తేలిగ్గా తీసేయలేను. బాబాయ్‌ది ఆ పక్షమే. "వైరు తెగుద్ది, సోలెనాయిడ్ ఇరుక్కుపోద్ది. స్ప్రింగు ఎప్పుడైనా మోసం చేసిందా?" అంటాడు. లక్షల కిలోమీటర్లు తిరిగిన లారీ టర్బోలు ఆయన చేతుల మీదుగా వెళ్లాయి. వాటిలో చాలావాటికి ఒట్టి స్ప్రింగే అదుపు. ఆ మాటలో నిజం ఉంది కాబట్టే, ఎలక్ట్రానిక్ కంట్రోలర్ కొనుక్కుని స్ప్రింగు సంగతి మరిచిపోయేవాళ్లతో నాకు ఇత్తడి వాల్వు వాళ్లతో ఉన్నంత తగాదా ఉంది. సోలెనాయిడ్‌కు కరెంటు పోతే బూస్ట్ స్ప్రింగు దగ్గరికి దిగాలి, ఆ స్ప్రింగు ఇంజిన్ ఏ రోజైనా భరించగలిగేదై ఉండాలి. సాధారణంగా స్ప్రింగు ఎంతకు ఉంటే దానికి రెట్టింపు దాకా సోలెనాయిడ్‌తో అదుపుగా నడపొచ్చు. అంతకు మించి అడిగితే ముల్లు ఊగడం మొదలవుతుంది.

కానీ బాబాయ్ మరిచిపోయే విషయం ఒకటుంది. స్ప్రింగు పద్ధతికైనా, సోలెనాయిడ్ పద్ధతికైనా అన్నిటికన్నా బలహీనమైన చోటు ఒకటే, ఆ నాలుగు మిల్లీమీటర్ల హోస్. అది ఊడిపోతే యాక్చుయేటర్‌కు గాలి చేరదు, తలుపు తెరుచుకోదు, బూస్ట్‌కు ఇక హద్దే ఉండదు. స్ప్రింగు మోసం చేయదు, నిజమే. దానికి కబురు తెచ్చేవాడు దారిలో చనిపోతే అది మాత్రం ఏం చేస్తుంది? అప్పుడు కాపాడగలిగింది ఈసీయూ కట్ ఒక్కటే. నేను అగ్గిపెట్టె డబ్బాతో తీసేసింది దాన్నే.

ఆ హోస్‌ను ఎలా చూడాలో మాత్రం నేర్పింది బాబాయే. ఇంజిన్ మళ్లీ బిగించాక, ఒక సాయంత్రం నన్ను బానెట్ కింద కూర్చోబెట్టాడు. టర్బో వేడికి హోస్ చివర గట్టిపడి, వంచితే సన్న గీతలు కనిపిస్తున్నాయి. బ్లేడుతో చివర ఒక సెంటీమీటరు కోసి పారేసి, మెత్తటి చోట మళ్లీ ఎక్కించాడు. తర్వాత సోలెనాయిడ్ వైపు హోస్ పీకి, గేజ్ ఉన్న సైకిల్ పంపు ఒకటి తగిలించాడు. "నెమ్మదిగా కొట్టు. కడ్డీ మీద కన్నేసి ఉంచు." కొట్టాను. 0.3, కదల్లేదు. 0.4, కదల్లేదు. 0.5 దగ్గరికి వస్తుంటే కడ్డీ వెంట్రుకవాసి జరిగింది. అప్పుడు పంపు ఆపి ఒక నిమిషం చూడమన్నాడు. ముల్లు అక్కడే నిలబడితే లోపలి రబ్బరు బాగున్నట్టు, జారితే చిల్లు పడ్డట్టు. నిలబడింది. కడ్డీ మీద నట్టు ఒక చుట్టు బిగిస్తే స్ప్రింగు ముందే కొంచెం నొక్కుకుని ఉంటుంది, తలుపు ఇంకాస్త ఆలస్యంగా తెరుచుకుంటుంది. బూస్ట్ పెంచడానికి కొందరు దీన్నే బిగించేస్తారు. మరీ బిగిస్తే తలుపు పూర్తిగా తెరుచుకోవడానికి కడ్డీకి దూరం మిగలదు, ఎక్కువ ఆర్‌పీఎంలో బూస్ట్ పాకుతూ పోతుంది. పంపు మీద ఈ పది నిమిషాలు పెట్టకుండా ల్యాప్‌టాప్ తెరిచే ట్యూనర్‌ను నేను నమ్మను.

ల్యాప్‌టాప్ పని హైదరాబాద్‌లో జరిగింది, అదీ రోడ్డు మీద కాకుండా డైనో మీద, అంటే బండిని ఒకచోట నిలబెట్టి చక్రాలు తిప్పి పవర్ కొలిచే యంత్రం మీద. ఇత్తడి వాల్వు, డబ్బా రెండూ తీసేశాం. ట్యూనర్ మొదట ఈసీయూ తనంతట తాను సరిదిద్దుకునే భాగాన్ని ఆపేశాడు. ఒక్కో ఆర్‌పీఎంకు సోలెనాయిడ్ ఎంతసేపు తెరిచి ఉండాలో చేత్తో నింపుకుంటూ వచ్చాడు. అది దాదాపు సరిగ్గా కుదిరాకే దిద్దుబాటు మొదలుపెట్టాడు, అదీ కొంచెమే. ఎందుకంటే టర్బో మాట వెంటనే వినదు. గీజర్ నీళ్ల కింద నిలబడి, చల్లగా ఉన్నాయని కుళాయి ఇంకా తిప్పుతాం, వేడి రావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, ఈలోపు ఇంకా తిప్పుతాం, తర్వాత వీపు కాలుతుంది. టర్బో లేస్తున్నప్పుడు కంట్రోలర్ కూడా అంతే. "ఇంకా రాలేదు, ఇంకా రాలేదు" అని ఉక్రోషం కూడబెట్టుకుంటుంది. బూస్ట్ వచ్చేసరికి ఆ ఉక్రోషమంతా కలిపి హద్దు దాటించేస్తుంది. "ఆటోమేటిక్‌గా నేర్చుకుంటుంది" అని అమ్మే కంట్రోలర్ల మీద నాకున్న అనుమానం ఇదే. లెక్క సరిగ్గా ఉంటే నేర్చుకోవాల్సింది పెద్దగా మిగలదు.

చివరికి కుదిరింది ఇది. గరిష్ఠంగా 0.95 బార్, 5,500 ఆర్‌పీఎం దాటాక 0.8కి దిగుతుంది, ఎందుకంటే అక్కడ ఆ చిన్న టర్బో తోసేది గాలికన్నా వేడే ఎక్కువ. మొదటి రెండు గేర్లలో 0.7, టైర్లు ఎలాగూ అంతకన్నా పట్టవు. ఇన్‌టేక్ గాలి 60 డిగ్రీలు దాటితే టార్గెట్ మెల్లగా తగ్గుతుంది. 1.1 దాటి అర సెకను ఉంటే థ్రాటిల్ మూసుకుంటుంది.

మరి స్లో అయిందా? పాత లాగ్‌లు నా దగ్గరున్నాయి. మూడో గేరులో 60 నుంచి 100కి, జనవరి చలిలో పాత 1.2 బార్‌తో 4.6 సెకన్లు పట్టేది. కొత్త సెట్టింగ్‌తో అదే చలిలో 4.9. అంటే చల్లటి ఉదయం పాతదే గెలిచింది, ఒప్పుకుంటాను. ఏప్రిల్ మధ్యాహ్నం వరసగా మూడోసారి తొక్కితే పాతది 5.6, కొత్తది 5.1. పాతదానిలో బూస్ట్ ఉంది కానీ, నాకింగ్‌కు భయపడి ఈసీయూ స్పార్క్‌ను ఏడెనిమిది డిగ్రీలు వెనక్కి లాగేసేది. కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేత్తో లాక్కోవడమే. మనకు ఏడాదిలో జనవరి ఉదయాలు ఎన్ని, ఏప్రిల్ మధ్యాహ్నాలు ఎన్ని?

ఇప్పుడు బంకుల్లో మామూలుగా దొరికేది ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు. ఇథనాల్ కలిశాక ఆక్టేన్ పెరిగిందని, కాబట్టి బూస్ట్ పెంచుకోవచ్చని కొత్త వాదన మొదలైంది. ఆక్టేన్ పెరిగిన మాట నిజం. అదే గాలికి ఇథనాల్ ఎక్కువ పోయాలన్నదీ నిజమే. పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లు అప్పటికే చివరిదాకా తెరుచుకుని ఉంటే, ఆ ఎక్కువ ఎక్కణ్నుంచి వస్తుంది?

చట్టం సంగతి కూడా రెండు ముక్కలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు అదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణ ప్రకారం మార్పు ఒక్కింటికి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నా బండి ఈ గీతకు ఏ వైపు ఉందో చెప్పి తప్పించుకోవాలని లేదు. ఇన్సూరెన్స్ వాడు క్లెయిమ్ రోజు బానెట్ ఎత్తి చూస్తాడన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి.

2023 మేలో మళ్లీ అదే దారి, నందిగామ దాటాక అదే ఎండ. ఇన్‌టేక్ 71 డిగ్రీలు చూపిస్తోంది. ఒక ట్యాంకర్ వెనక చాలాసేపు ఆగి, దారి దొరికాక మూడో గేరులోకి దించి తొక్కాను. ముల్లు 0.78 దగ్గర ఆగి, అక్కడే నిలబడింది. ట్యాంకర్ వెనకపడింది.

షెడ్డుకు వెళ్తే బాబాయ్ ఓ లారీ టర్బో ఒళ్లో పెట్టుకుని ఇరుసు ఊపి చూస్తున్నాడు. నన్ను చూసి బండి ఎలా ఉందని అడగలేదు. తలతో గోడకు వేలాడుతున్న పంపు వైపు చూపించాడు. బానెట్ ఎత్తి, హోస్ పీకి, తగిలించి కొట్టాను. 0.5 దగ్గర కడ్డీ జరిగింది. నిమిషం ఆగాం. ముల్లు కదల్లేదు.

"హోస్ చివర మళ్లీ గట్టిపడింది, కొయ్యి" అని బ్లేడు ఇచ్చాడు.